బల్ల వెనక గొంతు

ఐన్ రుమ్మానా అనే ఎడారి ఊళ్ళో అంగడివీధి మొదట్లోనే లజహర్ కొట్టు. పొద్దున్న ఏడింటికల్లా వచ్చి, గాలి గుమ్మంలో పోసిపోయిన ఇసుకను ఈతమట్టల చీపురుతో ఊడ్చేస్తాడు. గోరింటాకు పొడి బస్తాల మూతులు విప్పుతాడు. జల్లెడలూ నారతాళ్ళూ మేకులకు తగిలిస్తాడు. సాంబ్రాణి పలుకొకటి నిప్పుల మీద పడేస్తాడు. ఈ పనులన్నీ చేస్తూనే ఎదురుగా ఉన్న సెలూన్ ఖమీస్‌తో మాట్లాడుతుంటాడు. లజహర్‌ది బండగొంతు. మీసం కూడా ఆ గొంతుకు తగ్గట్టే ఉంటుంది.

"ఏం ఖమీస్, ఆ అద్దం తుడిచి ఎన్నాళ్ళయిందిరా?"

"మొహం చూసుకోడానికి నా దగ్గరికి ఎవడొస్తాడన్నా? కబుర్ల కోసం వస్తారు."

"అందుకే సగం గడ్డాలు వదిలేస్తున్నావా?"

అలా నవ్వుకుంటూ లజహర్ చెక్కబల్ల మడత ఎత్తి అవతలికి వెళ్ళి, మళ్ళీ బల్ల దించుతాడు. ఇక అక్కణ్ణించి అతని నోట్లోంచి వచ్చేది ముసలామె గొంతు. కాస్త జీరగా, మాటల చివర్లు సాగదీస్తూ, ఒక్కో మాటా విడివిడిగా పలికే గొంతు. "ఖమీస్, టీ చెప్పు" అన్నా ఆ గొంతే. మధ్యాహ్నం భోజనానికి బల్ల దాటి బయటికొస్తే మళ్ళీ తన గొంతు తనకు వచ్చేస్తుంది.

ఊళ్ళో దీన్ని వింతగా చూసేవాళ్ళు లేరు. కొత్తగా బదిలీ అయి వచ్చిన బ్యాంకు ఉద్యోగి మొదటిరోజు ముసలామె ఎక్కడుందా అని బస్తాల వెనక తొంగి చూస్తాడు. రెండోరోజు జీలకర్ర తాజాదేనా అని అడుగుతాడు. అంతే.

లజహర్ తండ్రికీ అదే గొంతు వచ్చేది, తాతకూ అదే. లజహర్ భార్య మహ్బూబా బల్ల వెనక నిలబడితే మాత్రం ఆమె గొంతు ఆమెకే ఉంటుంది. జీతానికి పెట్టుకున్న మనుషులకూ అంతే. కూతురు దలెందా నిలబడితే ఆ ముసలి గొంతు వచ్చేస్తుంది. మాటలు మనిషివే, గొంతు మాత్రం ఆ ముసలామెది. ఒక్క మాట తప్ప. ఎవరైనా బరువు మోసుకొచ్చి కొట్లో దించితే చాలు, బల్ల వెనకున్న మనిషి అనుకున్నా అనుకోకపోయినా, "సన్ను" అనే మాట నోటివెంట వచ్చేస్తుంది. దానర్థం ఎవరికీ తెలీదు. కొట్టు మాట అంటారు. ఊళ్ళో పిల్లలు గాడిద మీంచి మూటలు దించేటప్పుడు "సన్ను సన్ను" అంటారు.

ఆ గొంతు ఎవరిదని అడిగితే లజహర్ భుజాలెగరేసేవాడు. వాళ్ళన్న హాజీ తిజానీ మాత్రం వెంటనే జవాబిచ్చేవాడు. "అది కొట్టు గొంతు. మన వంశానికీ దానికీ సంబంధం లేదు."

తిజానీ ఆ ఇంటికి పెద్ద. పదకొండో ఏట చదువుకోసం రాజధానికి వెళ్ళి, బడుల తనిఖీ అధికారిగా రిటైరై వచ్చాడు. చిన్నప్పుడు బస్తాల మీద కూర్చుని ఆడుకున్నాడే గాని, బల్ల దాటి అవతల నిలబడింది లేదు. జల్లెడలమ్మడం తన తాహతుకు తక్కువని అతని లెక్క; తిరిగొచ్చాక కూడా కొట్టు వైపు అడుగు పెట్టలేదు. ఊరికి తిరిగొచ్చాక అతను పెట్టుకున్న పని ఒక్కటే, తమ బూ షమ్లా ఇంటి వంశవృక్షం రాయించడం. పడమటి దేశం నుంచి తెల్ల ఒంటె మీద వచ్చిన మహానుభావుడితో మొదలుపెట్టి, ముత్తాత సలీం తండ్రి షేక్ అబ్దుల్ హఫీజ్ మీదుగా తనదాకా, నల్లసిరాతో అందంగా రాయించి, అద్దం బిగించి ముందుగదిలో తగిలించాడు. చుట్టాలొస్తే కాఫీ కంటే ముందు దాన్ని చూపించేవాడు.

అలాంటి ఇంట్లో దలెందా మిస్బాహ్‌ని చేసుకుంటానంది.

దలెందాకు ఇరవై తొమ్మిదేళ్ళు. పోస్టాఫీసులో పని. శనివారాలు తండ్రి భోజనానికి వెళ్ళినప్పుడు కొట్లో నిలబడుతుంది. మిస్బాహ్ ఖర్జూరపు తోటల్లో బోరుబావుల మోటార్లు బాగుచేయడానికి మూడు గంటల దూరంలోని బీర్ నఖ్లా నుంచి వచ్చినవాడు. ఒక శనివారం తాడు కోసం వచ్చి, పాత మోటారు కింద పెట్టాడు. "సన్ను" అంది ముసలిగొంతు. అతను తలెత్తి చూస్తే పెద్ద కళ్ళ అమ్మాయి.

"తాడు ఎన్ని బారలు కావాలి?" అంది అదే గొంతు.

"మీరేనా మాట్లాడింది?"

"మరి బస్తాలు మాట్లాడతాయా?"

మిస్బాహ్ పన్నెండు బారల తాడు కొని, రెండు బారలు వాడుకుని, మర్నాడు ఇంకో పన్నెండు బారలకు వచ్చాడు. ఏడాది తిరిగేసరికి అతని గదిలో ఊరందరి బావులకూ సరిపడా తాడు పోగుపడింది.

లజహర్‌కు కుర్రాడు నచ్చాడు. పని తెలిసినవాడు, మాట తూచి మాట్లాడేవాడు. అన్నతో చెప్పాడు. తిజానీ టీగ్లాసు పళ్ళెంలో పెట్టి, మాట్లాడకుండా కుడి అరచేత్తో ఎడమచేతి చర్మం మీద ఒకసారి నిమిరాడు. మా వైపు ఆ సైగకు వేరే వివరణ అక్కర్లేదు. మిస్బాహ్ నల్లవాడు. అతని పెద్దలు ఒకప్పుడు బానిసలుగా అమ్ముడైనవాళ్ళు.

"కుర్రాడు మంచివాడే కావచ్చురా," అన్నాడు తిజానీ. "కానీ ఈ గోడ మీద వాడి పేరు ఎక్కడ రాయించమంటావు? వాళ్ళవాళ్ళని నా గడప ఎక్కించకు. అంతే."

లజహర్ అన్నకు ఎదురు చెప్పి ఎరుగడు. తలొంచుకుని వచ్చేశాడు. ఇంట్లో దలెందా ఏడవలేదు. "పెదనాన్న గోడకు నేను మేకునా, నాన్నా?" అని మాత్రం అడిగి పోస్టాఫీసుకు వెళ్ళిపోయింది. లజహర్‌కు ఆ రోజంతా అన్నం సహించలేదు.

ఆ తర్వాతి మంగళవారం, ఇంటి గడప ఎక్కనివ్వరని తెలిసి, మిస్బాహ్ నాయనమ్మ యాకూతా నేరుగా కొట్టుకే వచ్చింది. ఎనభై దాటిన మనిషి. మూడు గంటలు అద్దెబండిలో ఇరుక్కుని వచ్చి, చంకలో మూటతో గుమ్మంలో నిలబడింది. మూటలో పెళ్ళి అడగడానికి తెచ్చే చక్కెర దిమ్మలు. "అల్లా" అంటూ మూట కింద పెట్టింది.

"సన్ను," అంది గొంతు.

యాకూతా చెయ్యి బల్లను పట్టుకుంది. "యావ్వా," అంది.

ఎదురుగా ఖమీస్ చేతిలో కత్తి గిరాకీ గడ్డం మీద ఆగిపోయింది.

"ఏమన్నారమ్మా?" అన్నాడు లజహర్, ఆ బల్ల వెనక గొంతుతోనే.

"ఏమంటాను నాయనా? పలకరించావు, బదులు పలికాను. సన్ను అంటే యావ్వా అనాలి. మావాడు చెబితే నమ్మలేదు, ఆ ఊళ్ళో ఎవరో మన ముసలివాళ్ళ మాట మాట్లాడుతున్నారే అని. ఇప్పుడు నా చెవులతోనే విన్నాను."

"ఆ మాటకు అర్థం తెలుసా మీకు?"

"తెలీకేం! మా అమ్మమ్మ ఇసుక దాటి అవతల్నించి వచ్చింది. వచ్చింది కాదులే, తాడు కట్టి నడిపించుకొచ్చారు. బరువు మోసేవాళ్ళు కనిపిస్తే చాలు, ఆ మాట అనేది. 'మెల్లగా తల్లీ, నీ కష్టం నేను చూశాను' అని. అవతలివాళ్ళు యావ్వా అంటేగాని ఆవిడ పక్కకు కదిలేది కాదు." ముసలామె లజహర్ మొహంలోకి చూసింది. "ఇన్నేళ్ళుగా ఇక్కడ ఎవరైనా బదులు పలికారా?"

"లేదమ్మా."

"అయ్యో పాపం. ఇంతకీ ఈవిడ పేరేంటి?"

"తెలీదు."

"తరతరాలుగా ఆవిడ గొంతుతో వ్యాపారం చేస్తున్నారు, పేరడగలేదూ?" యాకూతా గొంతులో కోపం లేదు, ఆశ్చర్యమే. మూట మీద చెయ్యి వేసింది. "నేను పిల్లనడగడానికి వచ్చాను, తగూకు రాలేదు. కాదంటే ఈ చక్కెర తీసుకుపోతాను. అవునంటే శుక్రవారం నమాజు తర్వాత మావాళ్ళతో వస్తాను. ఎక్కడికి రమ్మంటావో చెప్పు."

లజహర్ "ఇక్కడికే రండమ్మా, కొట్టుకే," అన్నాడు.

ఆమెను బండి ఎక్కించి వచ్చి, పట్టపగలు కొట్టు మూసేశాడు. తండ్రి పోయిన రోజు తప్ప ఆ తలుపులు ఆ వేళప్పుడు ఎప్పుడూ పడలేదు. ఖమీస్ సబ్బునురగ చేతులతోనే బయటికొచ్చాడు.

"ఎక్కడికన్నా?"

"పేరు వెతకడానికి."

ముందు అన్న ఇంటికెళ్ళి గోడ ముందు నిలబడ్డాడు. షేక్ అబ్దుల్ హఫీజ్ పేరు కింద ఐదుగురు కొడుకులు. నలుగురి పక్కనా తల్లుల పేర్లున్నాయి. ఐదోవాడు సలీం, కొట్టు పెట్టిన ముత్తాత. అతని పక్కన ఖాళీ.

"ఇక్కడేమైందన్నయ్యా?"

"తెలీని చోట ఖాళీ వదిలెయ్యడమే పద్ధతి," అన్నాడు తిజానీ పేపరులోంచి తలెత్తకుండా.

పాత దస్తావేజులు రాసే ఇంటివాళ్ళలో ఇక మిగిలింది ఉమ్ హానీ ఒక్కతే. ఆఖరి రాతగాడి కూతురు. వాళ్ళ నాన్న, తాత రాసిన పుస్తకాలన్నీ రొట్టెల పెట్టెలో పెట్టుకుని, ఎలుకలు రాకుండా పైన పిల్లిని పడుకోబెట్టుకుంటుంది. లజహర్ వెళ్ళి సంగతి చెబితే పిల్లిని దించి పెట్టె తెరిచింది.

"చదవడం నా కళ్ళ వల్ల కాదు. నువ్వు చదువు, తప్పులు నేను దిద్దుతాను."

ఆ పాత చేతిరాత లజహర్‌కు కొరుకుడు పడలేదు. సాయంత్రం పోస్టాఫీసు నుంచి దలెందా వచ్చింది. ఎవరి చేతిరాతైనా చదవడం ఆమెకు రోజూ ఉండే పనే. తండ్రీకూతుళ్ళు మంగళవారం చదివారు, బుధవారం చదివారు. బావుల వాటాలు, గోడ తగాదాలు, పెళ్ళిళ్ళు, విడాకులు. గురువారం పొద్దువాలుతుండగా దలెందా వేలు ఒక పేజీ మీద ఆగింది. గట్టిగా చదివింది.

షేక్ అబ్దుల్ హఫీజ్ చనిపోయాక తోటలన్నీ నలుగురు కొడుకులూ పంచుకున్నారు. ఐదోవాడు సలీం, ఇంకా పాలు మరవని బిడ్డ. వాడి తల్లి జాఫ్రానా, షేక్ ఇంటి బానిస. యజమాని బిడ్డను కన్నది కాబట్టి అతని మరణంతో స్వేచ్ఛ పొందింది. నీకూ నీ బిడ్డకూ ఏం కావాలని అన్నలు అడిగితే, ఆమె చెట్టు అడగలేదు, నీళ్ళు అడగలేదు. "ఒంటెల బిడారు బరువులు దించే చోట నాలుగు గోడలు కట్టుకోనివ్వండి" అంది. ఇచ్చారు. ఇద్దరు సాక్షులు. కింద, రాత రాదు కాబట్టి, గోరింటాకు అద్దిన అరచేతి ముద్ర. ఎర్రటి రంగు ఇంకా వదల్లేదు.

దలెందా తన అరచెయ్యి ఆ ముద్ర మీద ఆనించింది. ముద్ర ఆమె చేతికన్నా చిన్నది.

"చిన్నపిల్ల నాన్నా! నేను ముసలామె అనుకున్నాను ఇన్నాళ్ళూ."

"ముసలిదయ్యేదాకా అక్కడే నిలబడింది మరి," అంది ఉమ్ హానీ. "మా తాత చెప్పేవాడు, పేరు చెప్పకుండానే. కరువొచ్చిన ఏడు తోటలన్నీ ఎండిపోయాయట. ఆ నలుగురు అన్నల పెళ్ళాలూ మొహాలు కప్పుకుని కొట్టుకు వచ్చారట. ఆ మనిషి ఒక్క మాట ఎత్తిపొడవకుండా వాళ్ళ ముంతల్లో బార్లీ కొలిచి పోసి, సన్ను అందట. తోటలు ఆ ఏడే పోయాయి. మిగిలింది మీ కొట్టు. మీ తిజానీ రాజధాని చదువు ఎక్కణ్ణించి వచ్చిందనుకున్నారు?"

లజహర్ మీసం మీంచి కన్నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. ఆ పుస్తకం తువ్వాల్లో చుట్టుకుని అన్న దగ్గరికి తీసుకెళ్ళాడు. తిజానీ రెండుసార్లు చదివి మూసేశాడు.

"కాగితం మీద ఎవడైనా ఏదైనా రాస్తాడు. రేపు వాళ్ళని రానిచ్చావంటే నేనొచ్చి అందరి ముందూ కాదంటాను. ఇంటికి పెద్దను నేను."

"నువ్వే పెద్దవాడివి, అన్నయ్యా," అన్నాడు లజహర్. "తప్పకుండా రా."

దారిలో కొట్టు తెరిచి, బల్ల దాటి నిలబడ్డాడు. వీధిలో ఇంకా వెలుగుంది. "జాఫ్రానా," అన్నాడు. ఆమె పేరు ఆమె గొంతులోనే ఆ నాలుగు గోడల మధ్య మళ్ళీ ఎన్నాళ్ళకు వినిపించిందో! ఇంకోసారి అన్నాడు. సెలూన్లోంచి ఖమీస్ కూడా, ఆ పేరు బాగుందన్నట్టు, మెల్లగా అని చూసుకున్నాడు.

శుక్రవారం నమాజు కాగానే వీధి నిండిపోయింది. విషయం ఖమీస్‌కు తెలిస్తే ఊరికి తెలిసినట్టే. మిస్బాహ్ వాళ్ళు ఇంకా రాకముందే తిజానీ వచ్చాడు. తెల్లటి జుబ్బా, చేతిలో పొన్నుకర్ర. కొట్టు ముందు నిలబడి, "ఇక్కడే చెప్పేస్తాను, వినండి," అన్నాడు.

లజహర్ చెక్కబల్ల మడత ఎత్తిపట్టుకున్నాడు.

"అక్కణ్ణించి కాదన్నయ్యా. గిరాకీలు నిలబడే చోట నిలబడి మాట్లాడితే నీది గిరాకీ మాట అవుతుంది. ఇంటి పెద్దగా కాదనాలంటే ఇంటివాళ్ళ వైపు నిలబడి కాదను."

అంతమంది చూస్తుండగా వెనక్కి తగ్గడం తిజానీకి చేతకాదు. డెబ్భై ఒక్క ఏళ్ళొచ్చాక మొదటిసారి బల్ల దాటాడు. లజహర్ బల్ల దించి, తాను బయటే నిలబడ్డాడు. మహ్బూబా కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే మిస్బాహ్ చక్కెర దిమ్మలూ, కొత్తబట్టలూ, ఖర్జూరాలూ నింపిన పెట్టె భుజాన పెట్టుకుని జనంలోంచి వచ్చాడు. వెనక కర్ర పట్టుకుని యాకూతా, ఆమె చుట్టూ నలుగురు ఆడవాళ్ళు. మిస్బాహ్ పెట్టెను కొట్టు గచ్చు మీద దించాడు.

"సన్ను," అన్నాడు తిజానీ.

అన్నాక అతనే ఉలిక్కిపడ్డాడు. నోటిమీద చెయ్యి పెట్టుకున్నాడు.

"యావ్వా," అన్నారు యాకూతా, ఆ నలుగురు ఆడవాళ్ళూ ఒక్కసారే.

తిజానీ గొంతు సవరించుకున్నాడు. "ఈ సంబంధం మా..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. అతనికి వినిపించింది జాఫ్రానా గొంతు కాదు. బస్తాల మీద కూర్చుని కాళ్ళూపుకుంటూ విన్న నాన్న గొంతు. నాన్నను అతను ఎక్కువగా చూసింది కొట్లోనే. "తిజానీ, పుస్తకం తీసి చదువుకో" అన్నదీ, రాజధాని బస్సు వచ్చిన రోజు బల్ల మీంచి వంగి నుదురు ముద్దుపెట్టుకుని "వెళ్ళిరా నాయనా" అన్నదీ ఈ గొంతుతోనే. ఆయన పోయినప్పుడు తిజానీ పరీక్షలు రాస్తున్నాడు, కడసారి మాట దక్కలేదు. అరవై ఏళ్ళ తర్వాత ఆ గొంతు ఇప్పుడు తన నోట్లో ఉంది. దానితో ఏం మాట్లాడాలో తానే తేల్చుకోవాలి.

"నాన్నా," అన్నాడు ఎవరితోనూ కాకుండా. మళ్ళీ వినాలన్నట్టు ఇంకోసారి, "నాన్నా."

పొన్నుకర్ర బల్లకు ఆనించాడు. తన చేతుల చర్మం వంక చూసుకున్నాడు, కొత్తగా చూస్తున్నట్టు. తర్వాత తలెత్తి యాకూతాను చూశాడు.

"మిమ్మల్ని నిలబెట్టేశాను. మన్నించండి తల్లీ," అన్నాడు. "లజహర్, బస్తా మీద దుప్పటి వెయ్యరా, పెద్దావిణ్ణి కూర్చోనీ. మహ్బూబా, టీ ఏదమ్మా?"

మహ్బూబా నవ్వుతూ ఏడుస్తూ పరిగెత్తింది. యాకూతా దుప్పటి మీద స్థిమితంగా కూర్చున్నాక తిజానీ రెండు అరచేతులూ పైకి తెరిచాడు. మా ఊళ్ళో పెళ్ళి నిశ్చయం చేసే ఫాతిహా ప్రార్థన ఎప్పుడూ ఇంటి పెద్దే చదువుతాడు. తిజానీ మొదటి మాట నుంచి ఆఖరి మాట దాకా తొట్రుపడకుండా, ఆ జీర గొంతుతో, మాటల చివర్లు సాగదీస్తూ చదివాడు. కొట్టు లోపలున్నవాళ్ళూ, గుమ్మంలో ఉన్నవాళ్ళూ, నురగ ఆరిపోయిన గడ్డాలతో సెలూన్ మెట్ల మీద నిలబడ్డవాళ్ళూ అరచేతులు తెరిచి, ఆ ముసలామె గొంతు వెనక "ఆమీన్" అన్నారు.

తిజానీ అరచేతులతో మొహం తుడుచుకుని మిస్బాహ్ వైపు తిరిగాడు.

"మీ ఇంట్లో ఆడవాళ్ళందరి పేర్లూ ఒక కాగితం మీద రాసి పంపు అల్లుడూ," అన్నాడు. "గోడ మీదిది మళ్ళీ మొదట్నించీ రాయించాలి."